యంత్రం మారినప్పుడు

మన అధ్యాపకుల గదిలో ఒకే సంఖ్య రెండు విధాలుగా వినిపిస్తుంది. తెలుగువారు ముందు ఇరవై అని, పిదప నాలుగు అంటారు. ఉర్దూలో ‘చౌబీస్’ అన్నప్పుడు నాలుగే ముందు పలుకుతుంది. విలువ ఒక్కటే. రెండు భాషల నడుమ పెరిగినవారికి ఇందులో వింత లేదు. ఒకే భాష ఎరిగినవాడు మాత్రం తన వరుసే ప్రకృతిసిద్ధమని తలుస్తాడు.

కంప్యూటర్ విద్యలోనూ ఈ భ్రాంతి కలదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. భాషాబోధన నా వృత్తి. నా మాటల్లో సాంకేతికమైన మోటుదనం ఉంటే ఆ శాఖవారు మన్నింతురు గాక.

కంప్యూటర్‌ను నడిపే మూలవ్యవస్థలలో యూనిక్స్ ప్రసిద్ధమైనది. అది అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో పుట్టింది. అటువంటి వ్యవస్థలను అప్పట్లో చాలావరకు ఆయా యంత్రాల సొంత సంకేతాలలోనే వ్రాసేవారు. యూనిక్స్‌ను 1973లో సి భాషలో తిరిగి వ్రాశారు. భాష మారినా కాపురం మాత్రం పీడీపీ-11 యంత్రాలపైనే సాగింది. 1977లో ఆస్ట్రేలియాలోని వొలాంగాంగ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మిల్లర్ దానిని ఇంటర్‌డేటా 7/32 అనే వేరొక యంత్రానికి తరలించాడు. ఆయన అనుసరించిన మార్గం ముచ్చటైనది. మొదట ఆ యంత్రపు సొంత వ్యవస్థపైనే యూనిక్స్‌ను అతిథిగా నిలిపి, తర్వాత క్రమంగా ఇంటి యజమానిని చేశాడు. ఇంచుమించు అదే కాలంలో బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్, డెన్నిస్ రిచీ ఇంటర్‌డేటా 8/32పై ఇదే కార్యానికి పూనుకొన్నారు.

ముందుగా సి భాషను కొత్త యంత్రపు ఆజ్ఞలుగా మార్చే కంపైలర్ కావాలి. జ్ఞాపకశక్తి పంపకం, పరికరాల పిలుపులకు బదులు పలకడం వంటి భాగాలను కొత్తగా వ్రాయక తప్పదు. ఇవి ఎదురుచూచిన కష్టాలే. ఎదురుచూడనివి వేరే ఉన్నాయి. పీడీపీ-11 సంఖ్యలోని చిన్న బైటును ముందు దాస్తుంది. ఇంటర్‌డేటా పెద్దదానిని ముందు దాస్తుంది. మన చౌబీస్, ఇరవై నాలుగుల తగవే! ఈ చిక్కుకు ‘నక్సి’ అనే పేరు స్థిరపడింది. యూనిక్స్ ఆంగ్లాక్షరాలు జంటజంటగా తారుమారైతే మిగిలేది అదే. శుద్ధమైన సి భాష అనుకొన్న రచనలో ఒక యంత్రపు అలవాట్లు ఎన్ని కలిసిపోయాయో, ఆ యంత్రాన్ని విడిచినప్పుడే బయటపడింది. ఆ అనుభవం వల్ల సి భాషనే కొంత సవరించవలసి వచ్చింది.

ఇది పాతకథ అనుకోకండి. విద్యార్థి మిత్రులు తొలి సంవత్సరంలో వ్రాసే చిన్న ప్రోగ్రామునే చూడండి. ఫైలులోని అక్షరాలను ఒక్కొక్కటిగా ‘చార్’ అనే చిన్న పాత్రలోకి తీసుకొని, మైనస్ ఒకటి రాగానే ఆగమంటారు. ఇంటెల్ యంత్రంపై లినక్స్‌లో అది ఆగుతుంది. ఆర్మ్ యంత్రంపై లినక్స్‌లో ఆ పాత్ర సాధారణంగా ఋణసంఖ్యను పట్టదు. మైనస్ ఒకటి 255గా మారిపోతుంది, ప్రోగ్రాము ఎన్నటికీ ఆగదు. తప్పు మొదటినుండీ ఉన్నదే. ఒక యంత్రం దానిని కప్పిపుచ్చింది, అంతే. అటువంటి ప్రోగ్రాముకు మనం నూటికి నూరు మార్కులు వేస్తున్నాము!

కనుక పాలకవర్గంవారికి నాదొక విన్నపం. మన ప్రయోగశాలలో ఉన్నవన్నీ ఒకే జాతి యంత్రాలు. మరమ్మతుకు అది సౌకర్యమే, కాదనను. కాని వచ్చే కొనుగోలులో ఒకటి రెండు ఆర్మ్ బోర్డులు, వీలైతే ఒక రిస్క్-ఫైవ్ బోర్డు చేర్చండి. ఉద్యోగానికి ఇవెందుకని కొందరు అడుగుతారు. వారి జేబులోని ఫోను దాదాపు తప్పక ఆర్మ్‌పైనే నడుస్తున్నది. ఐ.ఐ.టి. మద్రాసువారి ‘శక్తి’ ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ పద్ధతిలో రూపొందినవే. వాటికి వ్యవస్థలను తరలించే పని ఎవరో ఒకరు చేయాలి కదా. ఆ ఎవరో మన పిల్లలు ఎందుకు కారాదు?

ఆ బోర్డు వచ్చిన రోజున తొలి సంవత్సరపు ప్రోగ్రాములన్నీ దానిపై మళ్ళీ నడిపి చూడండి. నా తరగతి ముగించుకొని నేనూ వచ్చి వెనుక బెంచీలో కూర్చుంటాను.