కోడ్ పొడుగు కాదు, తప్పు ఎక్కడ దొరుకుతుందో చూడండి

జన్వాడలో మా చిన్నాయిన పాల లెక్కల కోసం ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్ చేసిచ్చాను. రోజూ లీటర్లు ఎక్కించడం వరకు బాగానే నడిచింది. నెలాఖరున ఫోన్ చేశాడు: "ఏందిరా, నెల లెక్క నొక్కంగనే యాప్ బందయితుంది?"

నెలకు ఒక్కసారి తెరిచే స్క్రీన్ అది. దానికి కావాల్సిన ఒక క్లాస్‌ని కోయిన్ మాడ్యూల్‌లో రాయడం మర్చిపోయాను. తప్పు పూర్తిగా నాదే. మాడ్యూల్స్ సరిగా ఉన్నాయో లేదో చూసే టెస్ట్ కోయిన్‌లోనే ఉంది, నేను రన్ చేయలేదు. కానీ ఆ తప్పు బయటపడింది నా ల్యాప్‌టాప్‌లో కాదు, ఆయన చేతిలో.

యాప్‌లో ఏ భాగానికి ఏ భాగం అందించాలో చెప్పడమే కాంపోనెంట్ కాన్ఫిగరేషన్. దీని మీద గొడవ పాతదే. 2004లో వచ్చిన స్ప్రింగ్ 1.0లో ఇదంతా ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్‌లో రాసేవాళ్లు. క్లాస్ పేరులో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్‌కి పట్టదు. సర్వర్ స్టార్ట్ చేశాక పేజీలకు పేజీలు ఎర్రర్లు! 2007లో 2.5 వెర్షన్‌తో ఆటోవైర్డ్ యానోటేషన్, 2009లో 3.0తో జావా కోడ్‌లోనే కాన్ఫిగరేషన్ వచ్చాయి. ఎక్స్‌ఎమ్‌ఎల్ మంచిదా, యానోటేషన్ మంచిదా అని ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ అడుగుతారు. (చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి వెళ్లేవాళ్లు ఇది కూడా చూసుకుని వెళ్లండి.)

చాలామంది 'ఏది తక్కువ లైన్లలో అయిపోతుంది' అనే దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అసలు ప్రశ్న అది కాదు. లింక్ తప్పితే ఎవరికి ముందు తెలుస్తుంది? ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో అయితే సాధారణంగా సర్వర్ స్టార్ట్ చేసినవాడికి. కోయిన్‌లో టెస్ట్ వదిలేస్తే, ఆ స్క్రీన్ తెరిచిన యూజర్‌కి. డాగర్ మీద కట్టి 2020లో గూగుల్ తెచ్చిన హిల్ట్‌లో అయితే బిల్డే అవ్వదు, కాబట్టి మీకే.

హిల్ట్‌కి ఖర్చు లేదని కాదు. బిల్డ్ టైమ్ పెరుగుతుంది. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఆ బాధ నాకు బాగా తెలుసు. కేఎస్‌పీ వాడితే కొంత నయం. ఎర్రర్ మెసేజ్‌లు కూడా చాంతాడంత ఉంటాయి. కోయిన్ కోడ్ చదవడానికి హాయిగా ఉంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేనూ అదే చూపిస్తాను. అయినా మీ యాప్ వేరేవాళ్ల ఫోన్‌లోకి వెళ్తుందంటే నా ఓటు హిల్ట్‌కే.

రెండు మూడు స్క్రీన్ల యాప్‌కి ఇవేవీ అక్కర్లేదు. కన్‌స్ట్రక్టర్‌లో మీరే చేత్తో అందించండి. ఒకటి మర్చిపోతే కంపైలరే ఆపేస్తుంది. పాల లెక్కల యాప్‌ని నేను చివరికి ఇలాగే మార్చాను, కోయిన్ తీసేశాను. అయినా చిన్నాయిన మాత్రం ఈ నెల నోటుబుక్‌లో కూడా రాసుకుంటున్నాడు.