వాట్ల లెక్క, నిబంధనల చిక్కు

ఉన్నదానికంటే ఎక్కువ చెప్పి సరుకు అమ్మడం మనకు కొత్త కాదు. ఉన్నదానికంటే బాగా తక్కువ చెప్పి, ఆ తక్కువ అంకె వల్లే గిరాకీ పెంచుకున్న వ్యాపారం మాత్రం అరుదు. 1980ల చివర, 1990ల మొదట్లో అమెరికాలో కారు ఆడియో పోటీల చుట్టూ సాగింది సరిగ్గా ఆ వ్యాపారమే. వందల వాట్లు ఇవ్వగల యాంప్లిఫయర్ మీద 25 వాట్లని అచ్చువేసేవారు. కొన్నవాళ్లు మోసపోలేదు సరికదా, ఆ చిన్న అంకె కోసమే ఎగబడి కొన్నారు. మోసం జరిగిందని మొత్తుకున్నది పక్క కారుతో పోటీకి వచ్చినవాళ్లు. వాటికి ‘చీటర్ యాంప్’ అని పేరు పెట్టిందీ ఆ లోకమే. ఇన్నేళ్ల తర్వాత కూడా పాత ఆడియో సరుకు కొనేవాళ్లు ఆ పేరు చెప్పే వాటిని వెతుకుతుంటారు.

అది మోసమా, తెలివితేటలా అన్న తగువు ఇంకా తెగలేదు. చూడ్డానికి కుర్రకారు సరదా గొడవే. కానీ ఏ రంగంలోనైనా నిబంధనలు రాసేవారు దీన్ని కాస్త ఆగి చూడాలి. ఒక అంకె వల్ల లాభపడేవాడే ఆ అంకెను ప్రకటించుకోవచ్చని రాస్తే, అంకె ఎప్పుడూ లాభం ఉన్న వైపే జరుగుతుంది. లాభం పైన ఉంటే పైకి, కింద ఉంటే కిందికి.

తక్కువ అంకెకు ఎందుకంత విలువ?

ఆ రోజుల్లో అమెరికాలో ఈ పోటీలను పెద్ద ఎత్తున నడిపిన సంస్థ ఐఏఎస్‌సీఏ. శబ్దం ఎంత గట్టిగా ఉందన్న ఒక్క విషయమే కాదు, పాట ఎంత స్వచ్ఛంగా వినిపిస్తోంది, వైరింగ్ ఎంత పొందికగా ఉంది అన్నవాటికీ మార్కులుండేవి. లక్షలు పోసి కారును తీర్చిదిద్దినవాడినీ, జీతం డబ్బుల్లో మిగిల్చి రెండు స్పీకర్లు బిగించుకున్నవాడినీ ఒకే వరసలో నిలబెడితే పోటీకి అర్థం లేదు. అందుకని యాంప్లిఫయర్ల మొత్తం వాట్లను బట్టి తరగతులు చేశారు. ఉద్దేశం మంచిదే.

చిక్కు కొలత దగ్గర వచ్చింది. మైదానంలో వరసగా నిలిచిన కార్లలోంచి ప్రతి యాంప్లిఫయర్నూ విప్పి, బల్ల మీద పెట్టి పరీక్షించడం నిర్వాహకులకు సాధ్యం కాని పని. కాబట్టి తయారీదారు ప్రకటించిన అంకెనే తీసుకున్నారు. అదీ 4 ఓమ్‌ల లోడు దగ్గర చెప్పిన అంకె. కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓమ్‌లవే కాబట్టి అది సహజమైన ఎంపికగానే కనిపించింది. లొసుగు సరిగ్గా అక్కడే ఉంది.

లెక్క చూడండి. ఒక యాంప్లిఫయర్ ఒక్కో చానెల్‌కు 10 వోల్టులు ఇస్తుందనుకుందాం. 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే 2.5 ఆంపియర్ల కరెంటు పారుతుంది. అంటే 25 వాట్లు. అలాంటి స్పీకర్లనే ఎనిమిదింటిని సమాంతరంగా కలిపితే మొత్తం నిరోధం అర ఓమ్‌కు పడిపోతుంది. అదే 10 వోల్టులకు ఇప్పుడు 20 ఆంపియర్లు పారాలి. అంటే 200 వాట్లు. రెండు చానెళ్లకు కలిపి కాగితం మీద 50 వాట్లు, కారులో 400 వాట్లు. ఎనిమిది రెట్ల శక్తి అంటే 9 డెసిబెల్స్ తేడా. డెసిబెల్‌లో పదో వంతు తేడాతో గెలుపోటములు తేలే ఆటలో 9 డెసిబెల్స్ అంటే మాటలు కాదు.

మామూలు యాంప్లిఫయర్ అయితే ఆ లోడు దగ్గర వేడెక్కి ఆగిపోతుంది, లేదా ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. అరిజోనాకు చెందిన ఓరియన్ కంపెనీ అలా కాలిపోని యంత్రాన్ని తయారుచేసింది. దాని 225 హెచ్‌సీసీఏ మోడల్ క్యాటలాగులో 4 ఓమ్‌ల దగ్గర చానెల్‌కు 25 వాట్లే. హెచ్‌సీసీఏ అంటే ‘హై కరెంట్ కాంపిటీషన్ యాంప్లిఫయర్’. పోటీ కోసమే చేశామని పేరులోనే చెప్పుకున్నారు, దాచిందేమీ లేదు. అర ఓమ్ దగ్గర కూడా నిలబడేలా పవర్ సప్లై, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, వేడిని లాగేసే అల్యూమినియం ఒళ్లు, అన్నీ బలంగా పెట్టారు. మిగతా కంపెనీలూ తమ పద్ధతిలో ఇదే బాట పట్టాయి.

ఇద్దరి వాదనలోనూ పస ఉంది

తయారీదారుల పక్షం వాదన సూటిగా ఉంటుంది. 4 ఓమ్‌ల దగ్గర అంకె చెప్పమన్నారు, చెప్పాం. అక్కడ కొలిస్తే దాదాపు అంతే వస్తుంది. ఎన్ని స్పీకర్లు ఎలా కలుపుకోవాలో కొన్నవాడి ఇష్టం. నిబంధనలో లేనిదాన్ని ఉల్లంఘించామనడం ఏం న్యాయం?

ఎదుటి పక్షం చెప్పేదీ తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. చిన్న తరగతి పెట్టిందే తక్కువ డబ్బుతో వచ్చేవాడి కోసం. ఇప్పుడు ఆ తరగతిలో గెలవాలంటే కాగితం మీద చిన్నగా, లోపల పెద్దగా ఉన్న ఖరీదైన యాంప్లిఫయర్ కొనక తప్పదు. దాని కడుపు నింపడానికి లావుపాటి వైర్లు, బలమైన బ్యాటరీ, కొన్నిసార్లు ఆల్టర్నేటర్ కూడా మార్చాలి. ఎవరిని కాపాడటానికి తరగతి పెట్టారో, వాడే ముందు బయటికిపోయాడు.

ఈ రెండింటి మధ్య ఇంకో రకం ఉంది. కొన్ని యాంప్లిఫయర్లు 4 ఓమ్‌ల దగ్గర కూడా ప్రకటించినదానికంటే ఎక్కువే ఇచ్చేవి. రాక్‌ఫోర్డ్ ఫాస్‌గేట్ తన యాంప్లిఫయర్లతో పాటు, ఫ్యాక్టరీ పరీక్షలో ఆ పెట్టె ఎన్ని వాట్లు ఇచ్చిందో రాసిన కాగితం పెట్టేది. క్యాటలాగు కంటే ఆ కాగితం మీద అంకె పెద్దగా ఉంటే కొన్నవాడికి సంబరం. పోటీ మైదానంలో మాత్రం అదే కాగితం తగువు పెట్టగలదు. ఏ అంకె లెక్కలోకి వస్తుంది, క్యాటలాగుదా, కాగితానిదా?

నా దృష్టిలో తప్పు యంత్రం చేసినవాడిది కాదు. కొలవాల్సిన చోట కొలవకుండా, పోటీలో గెలిస్తే లాభపడే కంపెనీని నీ అంకె నువ్వే చెప్పుకోమన్న నిబంధనది. మన ఎడ్ల బండలాగుడు పోటీల్లో విభాగాలు పళ్లను బట్టి ఉంటాయి: రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని. గిత్త వయసు ఎంతో రైతు చెబితే అది రాసుకుని వదిలేయరు. నోరు తెరిపించి పళ్లు చూస్తారు. రైతు మీద నమ్మకం లేక కాదు, తర్వాత ఎవరూ వేలెత్తి చూపకూడదని. వాట్ల పోటీలో ఆ నోరు తెరిపించే ఏర్పాటే లేకపోయింది.

మన మార్కెట్లో అంకె పైకి పోయింది

తెలుగు పాఠకులకు ఇదే జబ్బు తిరగేసిన రూపంలో బాగా తెలుసు. టేప్ రికార్డర్లు, కంప్యూటర్ స్పీకర్ల మీద వెండిరంగు స్టిక్కర్‌తో మెరిసిన ‘పీఎంపీఓ’ వాట్లు గుర్తుండే ఉంటాయి. ముందువైపు వెయ్యి వాట్లని ఉండేది. అలాంటి పెట్టెను వెనక్కి తిప్పితే, గోడ ప్లగ్గు నుంచి అది తీసుకునే కరెంటు ఏ ముప్పయి వాట్లో అని చిన్న అక్షరాల్లో కనిపించేది. ముప్పయి తిని వెయ్యి కక్కే యంత్రం లోకంలో లేదు. పీఎంపీఓను ఎలా కొలవాలో నిర్ణయించిన ప్రమాణమే లేదు కాబట్టి ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకున్నారు.

కారు స్టీరియోల మీద కనిపించే ‘50 వాట్లు × 4’ దీనికి కాస్త మర్యాదైన తమ్ముడు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజి సుమారు 14.4 ఉంటుంది. దాన్ని వర్గం చేసి 4 ఓమ్‌లతో భాగిస్తే దాదాపు 52 వస్తుంది. శబ్దం పూర్తిగా చిట్లిపోయి, తరంగం చతురస్రంగా మారినప్పుడు చేరగల హద్దు అది. వినదగ్గ శుద్ధమైన తరంగానికి అందులో సగం, అంటే 26 వాట్లు కూడా దాటదు. వోల్టేజి పెంచే ప్రత్యేక పవర్ సప్లై లేని ఏ స్టీరియోకైనా ఇది భౌతికశాస్త్రం గీసిన గీత.

ఈ రెండు రకాల అబద్ధాల మధ్య ఒక తేడా ఉంది. అంకె తగ్గించి చెప్పినవాడు లోపల నిజంగా బలమైన యంత్రం పెట్టక తప్పలేదు, లేకపోతే పోటీలో పరువు పోతుంది. అంకె పెంచి చెప్పినవాడికి స్టిక్కర్ ఒక్కటి చాలు. అందుకే చీటర్ యాంప్‌లకు ఈనాటికీ గౌరవం మిగిలింది, పీఎంపీఓ నవ్వులపాలైంది.

ప్రమాణం వచ్చింది, తగువు పోలేదు

అమెరికాలో ఇళ్లలో వాడే యాంప్లిఫయర్ల వాట్లు ఎలా ప్రకటించాలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన తెచ్చింది. కార్లలో వాడేవి దాని పరిధిలోకి రాలేదు. ఆ లోటు పూడ్చడానికి పరిశ్రమ సంఘమే 2003లో సీఈఏ-2006 అనే ప్రమాణం తెచ్చింది. 14.4 వోల్టులు, 4 ఓమ్‌లు, వక్రీకరణ, రొద కలిపి 1 శాతానికి మించకూడదు. ఈ షరతుల్లో వచ్చిన అంకెనే ఆ ప్రమాణపు ముద్ర పక్కన వేయాలి. ఏ వోల్టేజి దగ్గర, ఏ లోడు మీద, ఎంత శుద్ధంగా అన్న మూడు ప్రశ్నలకూ ఒకేచోట జవాబు దొరకడం పెద్ద మేలు.

కానీ అది స్వచ్ఛంద ప్రమాణం. పాటించనివాడి మీద చర్య ఉండదు. పైగా అంకెలు వేరువేరు దేశాల్లో వేరువేరు పునాదుల మీద నిలుస్తున్నాయి. తక్కువ ధరకు వేల వాట్లు ఇచ్చే బ్రెజిల్ యాంప్లిఫయర్లు, టరాంప్స్ వంటివి, బ్యాటరీ విశ్రాంతి వోల్టేజికి దగ్గరైన 12.6 వోల్టుల దగ్గర తమ అంకె ప్రకటిస్తాయి. పవర్ సప్లై నియంత్రితం కానిదైతే 12.6కూ 14.4కూ మధ్య శక్తిలో దాదాపు 30 శాతం తేడా వస్తుంది. రెండూ నిజాలే, కానీ పక్కపక్కన పెట్టి పోల్చకూడని నిజాలు.

సరే, పోటీ రోజున మీటరు పెట్టి కొలుద్దామంటే అక్కడా పేచీయే. స్పీకర్ వైరుకు క్లాంప్ మీటర్ తగిలించి, వోల్టులను ఆంపియర్లతో గుణించి ‘మూడు వేల వాట్లు’ అని చాటుకోవడం అలవాటైంది. స్పీకర్ ఇస్త్రీపెట్టెలా శుద్ధమైన నిరోధం కాదు. వోల్టేజి, కరెంటు ఒకే అడుగులో నడవవు, కాబట్టి ఆ గుణకారం అసలు వాట్ల కంటే ఎక్కువ చూపిస్తుంది. డబ్బా లోపలి గాలి ఒత్తిడి, కాయిల్ వేడి వల్ల 1 ఓమ్ అనుకున్న స్పీకర్ మోగుతున్నప్పుడు 2 ఓమ్‌లు దాటవచ్చు. ఈ తేడాలను లెక్కలోకి తీసుకుని నిజమైన వాట్లు చూపే పరికరాలు తర్వాత వచ్చాయి, కానీ అప్పటికే క్లాంప్ అంకెలు చాలామంది నోళ్లలో నానాయి.

ఫ్యూజును బట్టి తరగతి నిర్ణయిస్తే పోదా అని అనిపించవచ్చు. ఫ్యూజు అబద్ధం చెప్పదు కానీ ఆలస్యంగా మాట్లాడుతుంది. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజు రెట్టింపు కరెంటును కూడా 5 సెకన్ల వరకు ఓర్చుకోవచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. శబ్దపు పోటీలో ఒక్క మోత కొద్ది సెకన్లే.

ఫలితాన్ని కొలిస్తే?

1990ల మధ్యలో వేన్ హారిస్ మొదలుపెట్టిన ‘డీబీ డ్రాగ్ రేసింగ్’ మరో దారి పట్టింది. వాట్ల సంగతి వదిలేసి, కారు లోపల సెన్సర్ పెట్టి ఎన్ని డెసిబెల్స్ వచ్చాయో చూసింది. తరగతులకు వూఫర్ల సంఖ్య, బండికి చేసిన మార్పులు ఆధారమయ్యాయి. లెక్కపెట్టగలిగినవి, కంటికి కనిపించేవి అవే. క్యాటలాగు అంకె ప్రాముఖ్యం ఒక్క దెబ్బతో పోయింది.

దాంతో పోటీ ఆగలేదు, కొత్త చోటికి మారింది. వాట్లకు హద్దు లేదు కాబట్టి బ్యాటరీలు, ఆల్టర్నేటర్లు పెరిగాయి. శబ్దం ఒక్క చుక్క కూడా బయటికి కారకుండా తలుపుల్లో కాంక్రీటు పోసి, అద్దాల బదులు అంగుళాల మందం పలకలు బిగించారు. పెద్ద తరగతుల్లో 180 డెసిబెల్స్ దాటే బండ్లు వచ్చాయి. అవి పాటలు వినడానికి కాదు. లోపల మనిషి కూర్చోకూడదు, బయటి నుంచే మీట నొక్కాలి. కొత్త తగువులు సెన్సర్ స్థానం గురించి, ఏది మార్పు, ఏది కాదు అన్నదాని గురించి. అయినా ఒక మేలు జరిగింది. ఇప్పుడు వాదించుకునేది అందరి కళ్లముందూ ఉన్న వస్తువు గురించి, ఎక్కడో ఆఫీసులో అచ్చయిన అంకె గురించి కాదు.

మన శబ్ద కాలుష్య నిబంధనలు కూడా (2000) ఆ దారినే ఎంచుకున్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని చెప్పాయి తప్ప యాంప్లిఫయర్ ఎన్ని వాట్లో అడగలేదు. అది సరైన దారి. వీధిలో మీటరు పట్టుకునే మనిషి లేకపోతే మాత్రం ఆ 55కూ, స్టిక్కర్ మీద వెయ్యికీ విలువలో తేడా ఉండదు.

ఏ కొలతకైనా లొసుగు వెతికేవాడు పుడతాడు, అది ఆపలేం. కానీ పోటీ నిబంధన రాసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి: ఏ వోల్టేజి దగ్గర, ఏ లోడు మీద, ఎంతసేపు, ఎవరి మీటరుతో? నాలుగో ప్రశ్నకు ‘తయారీదారు మీటరుతో’ అని జవాబు రాస్తే మొదటి మూడూ వృథా. అలా రాసి, రేపు ఎవరో 25 అని అచ్చువేసి 200 కొట్టినప్పుడు వాడిని దొంగ అనడానికి వాళ్లకు హక్కు ఉండదు.