అయిదు నిమిషాలే అమ్మా!

వేడివేడిగా వడ్డించి పిల్లవాణ్ణి పిలుస్తాం. ఆట ముందునుంచి కదలకుండానే "అయిదు నిమిషాలే అమ్మా!" అంటాడు. మీ ఇంట్లోనూ ఈ పాట వినబడుతూనే ఉంటుంది కదూ! నేనయితే ఇరవయ్యేళ్ళుగా అదంతా వట్టి సాకనే అనుకున్నాను. మొన్న దసరాకి డిచ్‌పల్లి వచ్చిన మా అబ్బాయి వల్ల అసలు సంగతి తెలిసింది.

2002లో మావారు దుబాయి నుంచి సెలవు మీద వస్తూ వీడికోసం ప్లేస్టేషన్ తెచ్చారు. దాంతోపాటే 'ఫైనల్ ఫాంటసీ 9' అనే ఆట, నాలుగు సీడీలు. వాడప్పుడు ఎనిమిదో తరగతి.

ఇది కారు పందెం లాంటి ఆట కాదండీ. 'పాతాళభైరవి' చూస్తున్నాం అనుకోండి. తోటరాముడు ఎటు వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో, ఏ కత్తి పట్టాలో మనమే చెప్పగలిగితే ఎలా ఉంటుంది? అలాంటిది! ఓ నాటక సమాజంవాళ్ళు ఎగిరే ఓడలో వచ్చి, రాణిగారి ముందు నాటకం ఆడుతూ రాకుమారిని ఎత్తుకుపోవాలని చూస్తారు. తీరాచేస్తే ఆ పిల్లే "నన్ను తీసుకుపొండి" అంటుంది! వాళ్ళతో కలిసేవాడు వివి అనే బుడత మాంత్రికుడు. తనలాంటి వాళ్ళను ఎవరో తయారుచేశారనీ, వాళ్ళ ఆయుష్షు కొద్దికాలమేననీ తెలిసి బెంగపడిపోతాడు.

ఇవన్నీ నాకిప్పుడు తెలుసుగానీ అప్పుడెక్కడ తెలుసు? తెల్లవారితే లెక్కల పరీక్ష. రాత్రి పదకొండయింది. "అయిదు నిమిషాలే అమ్మా, సేవ్ చేసుకుంట" అన్నాడు. అప్పటికి నాలుగోసారి! ఒళ్ళు మండి వైరు పీకేశాను. వాడు ఏడవలేదు, అరవలేదు. అన్నం తినకుండా పడుకున్నాడు. పరీక్షలయ్యాక పెట్టెను తానే అటకెక్కించాడు. 'దారికొచ్చాడు' అని సంతోషించాను కూడా!

ఆ ఆటే 2016లో సెల్‌ఫోనులోకి వచ్చిందట. మొన్న వాడు కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆడిస్తున్నాడు. "రొట్టెలు చల్లారుతున్నయి రా!" అన్నానో లేదో, ఫోను పక్కన పెట్టేసి లేచాడు.

"ఏందిరా, ఇంత బుద్ధిమంతుడివి ఎప్పుడైనవ్?"

"ఇప్పుడు దానంతటదే సేవ్ అయితది అమ్మా. అప్పుడట్ల లేకుండె" అని నవ్వాడు.

అప్పట్లో గుహల్లోనూ ఊళ్ళలోనూ మూగుల్ అనే బొద్దు జీవి కనిపించిన చోటే, ఆడినంతవరకూ మెమరీ కార్డులో దాచుకోవాలట. ఈలోపు కరెంటు పోయినా, అమ్మ వైరు పీకినా అంతా పోయినట్టే. ఆ రాత్రి వాడికి మూడు గంటల ఆట పోయింది. మూగుల్ రెండడుగుల దూరంలోనే ఉందట! అరిసెల పాకం కుదిరే వేళకి ఎవరైనా వచ్చి పొయ్యి ఆర్పేసి, గిన్నె బోర్లిస్తే మనకెలా ఉంటుంది చెప్పండి?

ఈ కష్టం మావాడొక్కడిదే కాదు. 1986లో జపానులో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్'లో దాచుకునే వీలే లేదు. ఆట ఆపేటప్పుడు తెర మీద వచ్చే ఇరవై అక్షరాల మంత్రాన్ని పిల్లలు కాగితం మీద రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పినా మళ్ళీ పనికిరాదు. ఆ వరసలో మూడో ఆటను 2024లో కొత్త హంగులతో విడుదల చేశారు. 'ఫైనల్ ఫాంటసీ' మొదటి ఆరు ఆటలూ 2021, 22లలో కొత్తగా తీర్చిదిద్దుకుని వచ్చాయి. కొత్త కూర్పుల్లో చాలావాటికి ఆపుకునే సౌకర్యం పెరిగింది. మా అబ్బాయి ఫోనులోని ఆటలోనయితే వేగం పెంచుకోవచ్చు, దారిలో శత్రువులు ఎదురుపడకుండానూ చేసుకోవచ్చు. మనవరాలు ఆ మీట నొక్కబోతే వాడే వద్దన్నాడు. "కష్టపడి గెలువు బిడ్డా, అప్పుడే మజా" అన్నాడు. ఆ మాట నేను లెక్కల విషయంలో వాడికెన్నిసార్లు చెప్పానో!

"అప్పుడే చెప్పొద్దారా?" అన్నాను. "చెప్పిన గదమ్మా, అయిదు నిమిషాలని" అన్నాడు. నాకిక నోట మాట రాలేదు. ఇంకో రొట్టె వాడి కంచంలో వేశాను.

అలాగని ఎంతసేపయినా ఆడుకోనివ్వమని కాదు నేననేది. పరీక్షల రోజుల్లో పెట్టె తెరవకపోవడమే మేలు. మామూలు రోజుల్లో ఆట మొదలుపెట్టక ముందే గంటో, గంటన్నరో గడువు పెట్టండి. గడువుకి పది నిమిషాల ముందు ఒకసారి గుర్తుచేయండి. "ఎక్కడ సేవ్ అవుతుందిరా?" అని అడగండి. అక్కడిదాకా ఆగండి. ఆ తర్వాత కూడా లేవకపోతే అప్పుడు గదమాయించండి, తప్పులేదు.

వైరు మీద చెయ్యి వేసేముందు మాత్రం మా వంటింటి పాకం ఒకసారి గుర్తుచేసుకోండి. ఏమంటారు?