బొమ్మ నోరు కుట్టేశారు

“మేడమ్, కొంచెం సైలెన్స్ ప్లీజ్.”

మెడలో ట్యాగు వేసుకున్న కుర్రవాడు మర్యాదగానే అన్నాడు. అన్నది మా పెద్దమ్మతో. ఆమెకు డెబ్బై దాటాయి. సిద్దిపేట దగ్గర ఊరు, మగ్గాల ఇల్లు. హైదరాబాదులో వారం రోజుల చిత్రకళా సంబరం, గ్యాలరీలన్నీ తెరిచారు, చిత్రకారుల స్టూడియోలు కూడా చూపిస్తారట, పోదాం పద అని నేనే వెంటబెట్టుకెళ్లాను. గాజు తలుపు ముందు చెప్పులు విడిచింది. వేసుకునే రావచ్చని గార్డు చెప్పేదాకా వట్టి కాళ్లతోనే నిలబడింది. లోపల మూడో గోడ మీద చేర్యాల పటం. ఎర్రటి రంగు మీద వరసలు వరసలుగా బొమ్మలు. కళ్లద్దాలు సవరించుకుని దగ్గరికి పోయి, “గీయన భావనారుషి గదరా బిడ్డా! గిదిగో పులి! తామరతూండ్ల నూలు జూడు” అని మొదలెట్టింది. చిన్నప్పుడు వాళ్ల ఊరికి కూనపులివాళ్లు పటం తెచ్చి రాత్రిళ్లు కథ చెప్పేవారట. ఆ రాగం ఇంకా గుర్తుంది. గొంతు సవరించుకుని ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడొచ్చాడు ట్యాగు కుర్రవాడు.

పటం పక్కన అట్టముక్క. దాని మీద నాలుగు ఇంగ్లీషు వాక్యాలు. ఖాదీ గుడ్డ అనీ, సహజమైన రంగులనీ, జానపద సంప్రదాయమనీ. నేతపని చేసే పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి పేరు లేదు, వాళ్ల ఊసు లేదు, కూనపులి అన్న మాట అసలే లేదు. తెలుగక్షరం వెతికినా కనబడలేదు. కథ తెలిసిన మనిషిని నోర్మూసుకోమన్నారు, కథ తెలియని అట్టను మాట్లాడనిచ్చారు. పేరు చెప్పను ఆ గ్యాలరీది. పాపం ఆ ఒక్కరిదే అయితే చెప్పేవాణ్ణి. ఆ వారంలో నేను మరో ఆరు చోట్ల తిరిగాను, ఆరు చోట్లా అదే అట్ట.

అసలు ఆ పటం ఏమిటో గోడకు కొట్టినవాళ్లకు తెలుసా? చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసిన పటం చూడటానికి మాత్రమే పుట్టలేదు, వినడానికి పుట్టింది. గుడ్డకు చింతగింజల అంబలీ సుద్దమట్టీ కలిపి పూసి, ఆరబెట్టి, మూడడుగుల వెడల్పున, ముప్పై నలభై అడుగుల పొడవున కథంతా వేసి చుట్టగా చుట్టి ఇస్తే, దాన్ని భుజానేసుకుని కథకులు ఊళ్లు పట్టేవారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, మాదిగలకు జాంబపురాణంతో డక్కలివాళ్లు. ఎవరి కులానికి వాళ్ల కథ, ఎవరి కథకు వాళ్ల పటం. ఒక్కో వరుస విప్పుతూ, పుల్లతో చూపిస్తూ, పాడుతూ తెల్లవార్లూ చెప్పేవారు. చదువు రానివాళ్లు తమ వంశం ఎక్కడ మొదలైందో తెలుసుకున్నది ఆ పటం ముందు కూర్చునే. పాతబడి చినిగిన పటాన్ని పారేయకుండా పూజ చేసి నదిలో కలిపేవారు, మనిషికి చేసినట్టు. అలాంటిదాన్ని గాజు వెనక బిగించి, పాటను బయట నిలబెట్టి, దీనికి కళావారం అని పేరు పెట్టారు.

ఇదే మాట ఒక క్యూరేటరుగారితో అంటే నవ్వి, “చిత్రానికి భాష లేదండీ” అన్నారు. ఎంత గొప్ప మాట! అయితే ఆ ఇంగ్లీషు అట్టలు కూడా పీకేయండి. భాషే లేనప్పుడు అదెందుకు? బ్రోషరు ఎందుకు, గైడు ఎందుకు, సాయంత్రం ఆరింటికి గ్లాసులు పట్టుకుని చేసే చర్చలెందుకు? చిత్రానికి భాష లేకపోవడం తెలుగు దగ్గరికి వచ్చేసరికే గుర్తొస్తుంది వీళ్లకు.

ఇంకో వాదన ఉంది. కళకు సంబంధించిన మాటలు తెలుగులో లేవట. లేవా? లక్ష్మాగౌడ్ ఎచింగులే తీసుకోండి. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, పల్లె ఆడామగలనూ మేకలనూ రాగి రేకుల మీదికీ జింకు రేకుల మీదికీ ఎక్కించినాయన. ఆ పని ఎలా జరుగుతుందో చెప్తాను వినండి. రేకు మీద మైనం పూత పూస్తారు. సూదితో మైనాన్ని గీకుతూ బొమ్మ గీస్తారు. ఆమ్లంలో ముంచుతారు. మైనం పోయినచోట ఆమ్లం రేకును తినేస్తుంది, గీత లోతవుతుంది. ఆ లోతుల్లో సిరా కూరి, పైన శుభ్రంగా తుడిచి, తడి కాగితం పరిచి, బరువైన రోలరు కింద నొక్కితే గీత కాగితానికి దిగుతుంది. ఆమ్లంలో ఎంతసేపు ఉంచితే గీత అంత నల్లన. అయిపోయింది. మా పెద్దమ్మకు అర్థమైంది. “మన బంగారప్పని తీర్గ ఉన్నది” అంది కూడా. ఇది చెప్పడానికి ఏ నిఘంటువూ తెరవలేదు. మాటలు లేకపోవడం కాదు బాబూ, రాయాలన్న మనసు లేదు. సంజీవదేవ్ తుమ్మపూడిలో కూర్చుని ప్రపంచ చిత్రకళ గురించి జీవితమంతా తెలుగులో రాశారు. ‘భారతి’ పత్రికలో రంగుల చిత్రాలు అచ్చేసిన రోజుల్లో వాటి కింద పేరు తెలుగులోనే ఉండేది. వందేళ్ల కిందట చేతనైంది, ఇప్పుడు చేతకాలేదు.

చిత్రకారుడు తోట వైకుంఠం గీసిన స్త్రీలనే చూడండి. నుదుటన రూపాయంత బొట్టు, ముక్కుకు ముక్కెర, పసుపూ ఎరుపూ చీర. కరీంనగర్ పల్లెల్లోంచి నడిచొచ్చిన ఆడవాళ్లు. వాళ్ల బొమ్మ లక్షలు పలుకుతుంది, సంతోషం. కాని ఆ బొట్టుతో, ఆ చీరతో ఒక నిజం మనిషి నడిచొస్తే వరండాలో ఆపి “ఎవరు కావాలి?” అంటారు. లోపలికి వచ్చినా తన బొమ్మ కింద ఏం రాశారో తను చదవలేదు. ఇంతకన్నా వెటకారం ఉంటుందా?

అందరికన్నా ఎక్కువ నలిగేది కుర్రకారు. తలుపులు తీసిన స్టూడియోల్లో ఒకటి కూకట్‌పల్లి వెనక సందులో, మూడో అంతస్తు, పైన రేకులు. రిజిస్టరు చేసుకున్న పన్నెండు మందిమి మినీ బస్సులో దిగాం. ఆ అబ్బాయి తుప్పు పట్టిన రేకుల ముక్కల మీద వేస్తాడు. గోడకు అంటించిన ప్రకటన చదివాను. విస్థాపన, స్మృతి, అంతరాళం లాంటి మాటలే ఇంగ్లీషులో దట్టించి ఉన్నాయి. పక్కకు తీసుకెళ్లి, ఏం తమ్ముడూ, ఇదేంటి అనడిగితే తెలుగులో చెప్పాడు: “వానొస్తే మా అమ్మ ఎక్కడ కారుతదో అక్కడ గిన్నె పెట్టేది సర్. ఆ గిన్నెల గుండ్రాలే ఇవి.” రేకు మీద చూస్తే నిజమే, చిన్నవీ పెద్దవీ గుండ్రాలు, ఒకదాని అంచు ఒకటి తాకుతూ. ఆ ఒక్క వాక్యం గోడ మీద ఉంటే పన్నెండు మందిలో ఒక్కరు కూడా ఫోను తీసి మెయిల్ చూసుకునేవారు కారు. ఆ ఇంగ్లీషు ఎవరు రాశారంటే, ఫ్రెండు రాసిచ్చాడన్నాడు. తన బొమ్మ కింద తనకే సరిగ్గా అర్థంకాని మాట అంటించుకుంటే తప్ప గ్యాలరీ గడప తొక్కనివ్వరని ఆ పిల్లాడికి ఎవరు నేర్పారు?

కొనేవాళ్లు ఇంగ్లీషువాళ్లే కదా అంటారు. అనండి. అప్పుడు దాన్ని అమ్మకాల వారం అనండి, ఎవరూ కాదనరు. నగరమంతటి పండగ అని హోర్డింగు కట్టించకండి. బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఏటా జనవరిలో ఒక ఆదివారం చిత్ర సంతె పెడుతుంది. కుమారకృపా రోడ్డంతా ఫుట్‌పాత్ మీద బొమ్మలే. లక్షల్లో జనం. పిల్లల్ని భుజానెక్కించుకుని వచ్చి కన్నడంలో బేరమాడతారు, తెలుగులోనూ ఆడతారు. అక్కడ నాసిరకం బొమ్మలు లేవా? బోలెడు. అయినా ఊరి పండగ మాత్రం అదే.

పెద్దమ్మతో ఆ పటం ఉన్న గ్యాలరీ నుంచి పోతూ పోతూ ఉంటే బల్ల దగ్గర అభిప్రాయాల కాగితం ఇచ్చారు. అదీ ఇంగ్లీషే, అయిదు నక్షత్రాలతో. వెనకవైపు తెల్లగా ఉంటే, పైన రాసిందంతా ఇంచుమించు అక్కడే నిలబడి తెలుగులో రాసిచ్చాను. ఈలోపు పెద్దమ్మ గార్డుకు భావనారుషి పెళ్లి సంగతి చెబుతోంది. అతనిది జనగామ వైపట. వారం నుంచి ఆ పటం పక్కనే నిలబడుతున్నాడు, అదేంటో ఇప్పుడే తెలిసిందన్నాడు.

బల్ల దగ్గరి అమ్మాయి నా కాగితం తిప్పి చూసింది. కాసేపు తటపటాయించి, చక్కటి తెలుగులోనే అంది: “సారీ అంకుల్. నాకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు.”

“అయితే నేనే చదువుతాను, విను” అన్నాను. పెద్దమ్మ పక్క కుర్చీ లాక్కుంది. ట్యాగు కుర్రవాడు మళ్లీ మా వైపే వస్తున్నాడు.