ప్రసవకాల శిశు మరణాలు: లెక్కతో పాటు కారణమూ తేలాలి

(ప్రత్యేక వ్యాసం)

కాన్పులో గాని, పుట్టిన తొలి వారంలో గాని బిడ్డ మరణించినప్పుడు రికార్డులో తరచుగా “నెలలు నిండలేదు”, “ఊపిరాడలేదు” అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. ఇంటివారికి “ఉమ్మనీరు మింగింది” అని చెబుతారు. మరణం ఏ దశలో సంభవించినదీ, తల్లికి ఉన్న ఏ ఇబ్బంది అందుకు దారితీసినదీ ఈ మాటల వలన తెలియదు.

ఈ లోపాన్ని సవరించడానికే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రత్యేక వర్గీకరణ విధానాన్ని వెలువరించింది. దీని ప్రకారం మరణం కాన్పు నొప్పులకు ముందు జరిగినదా, నొప్పుల సమయంలోనా, పుట్టిన తరువాతనా అన్నది మొదట నిర్ణయిస్తారు. పిదప బిడ్డలోని ప్రధాన కారణాన్ని, దానితో ముడిపడిన తల్లి ఆరోగ్య స్థితిని జంటగా నమోదు చేస్తారు. ఉదాహరణకు, అధిక రక్తపోటు ఉన్న గర్భిణి కాన్పులో బిడ్డను కోల్పోతే, “ఊపిరాడలేదు” అన్న మాట పక్కన రక్తపోటు కూడా నమోదవుతుంది. అప్పుడు అధికారుల దృష్టి కాన్పు గదితో ఆగక గ్రామంలో జరగవలసిన గర్భిణీ పరీక్షల వైపూ మళ్లుతుంది.

దశ తెలిస్తే దిద్దుబాటు ఎక్కడన్నది తెలుస్తుంది. నొప్పులకు ముందే జరిగిన మరణాలు రక్తపోటు, రక్తహీనత, సిఫిలిస్ పరీక్షల తీరును ప్రశ్నిస్తాయి. నొప్పుల సమయంలోని మరణాలు బిడ్డ గుండె చప్పుడును క్రమం తప్పక విన్నారా, అవసరమైన సిజేరియన్ సకాలంలో జరిగినదా అని అడుగుతాయి.

ఇక్కడే చిక్కు ఉన్నది. ఆసుపత్రిలో చేరినప్పుడు బిడ్డ గుండె చప్పుడు వినిపించినదీ లేనిదీ కేస్ షీటులో రాయకపోతే మృతశిశువు ఏ దశకు చెందినదో తేల్చడం కష్టం. చర్మం ఊడిన తీరును బట్టి అంచనా వేస్తారు గాని, కాన్పు ఆలస్యమైతే అది తప్పుదారి పట్టించవచ్చు. ఆ ఒక్క గడి విలువ పెద్ద నివేదికలకు కూడా ఉండదనడం అతిశయోక్తి కాదు.

2020 నమూనా నమోదు సర్వే ప్రకారం దేశంలో ప్రతి వెయ్యి సజీవ జననాలకు 20 మంది నవజాత శిశువులు తొలి 28 రోజులలోపే మరణించారు. 2014 నాటి జాతీయ నవజాత శిశు కార్యాచరణ ప్రణాళిక ఈ రేటును, మృతశిశు జననాల రేటును 2030 నాటికి 10 కంటే దిగువకు తేవాలని నిర్దేశించింది.

మరణ సమీక్ష శిక్షించడానికి ఉద్దేశించినది కాదు. నిజం రాసిన నర్సుకు మెమో అందితే మరుసటి నెల నుంచి ఆ గడి ఖాళీగానే వస్తుంది. పత్రికలు కూడా మరణాల సంఖ్య పెరిగిన జిల్లాను వెంటనే వెనుకబడినదిగా చిత్రించకుండా, నమోదు మెరుగుపడినందున పెరిగినదా అని విచారించడం సముచితం. 22 వారాల గర్భం నుంచి లెక్కించిన అంకెను 28 వారాల నుంచి లెక్కించిన దానితో పోల్చరాదు.

తల్లిలో ఏ లోపమూ కనిపించలేదన్న దానికి కూడా ఈ విధానంలో ప్రత్యేక సంకేతం ఉన్నది. వెదకినా కనిపించకపోవడం వేరు, అసలు వెదకకపోవడం వేరు గనుక, జిల్లా అధికారులు ఆ సంకేతం ఉన్న కేస్ షీట్లను విడిగా తెప్పించి చూడవలసి ఉన్నది.