ఇంటి గుట్టు, దేశం పరువు

2023 జూలై 13న స్ట్రాస్‌బర్గ్‌లో యూరోపియన్ పార్లమెంటు మణిపూర్ మీద ఒక తీర్మానం చేసింది. హింసను వెంటనే ఆపమనీ, మైనారిటీలను కాపాడమనీ భారత ప్రభుత్వాన్ని కోరింది. మన విదేశాంగశాఖ వెంటనే జవాబిచ్చింది. ఇది మా అంతర్గత వ్యవహారాల్లో జోక్యమనీ, వలసవాద మనస్తత్వమనీ అంది. ఆరు రోజుల తర్వాత ఒక వీడియో బయటికొచ్చింది. ఇద్దరు కుకీ స్త్రీలను నగ్నంగా నడిపిస్తూ, వాళ్ళ ఒంటి మీద చేతులు వేస్తూ నడుస్తున్న మగవాళ్ళ గుంపు అందులో ఉంది. ఆ ఘోరం జరిగింది మే 4న. సైకుల్ పోలీస్‌స్టేషన్‌లో మే 18నే కేసు నమోదైంది. మొదటి అరెస్టు మాత్రం వీడియో దేశమంతా చూశాకే జరిగింది.

అంటే 'మా విషయంలో జోక్యం చేసుకోవద్దు' అని ప్రభుత్వం అన్న నాటికి ఆ కేసు నమోదై సరిగ్గా ఎనిమిది వారాలు. ఆ ఎనిమిది వారాల్లో మన వాళ్ళెవరూ కూడా ఆ విషయంలో 'జోక్యం' చేసుకోలేదు. జూలై 20న ప్రధాని మొదటిసారి నోరు విప్పి, 140 కోట్ల మంది సిగ్గుపడాల్సి వచ్చిందన్నారు. ఆ స్త్రీలకు జరిగిన అన్యాయం కన్నా దేశానికి పోయిన పరువే ముందు గుర్తొచ్చిందన్నమాట.

'అంతర్గత వ్యవహారం' అనే మాట స్త్రీలకు కొత్త కాదు. మన ఇళ్ళల్లో దాన్ని 'ఇంటి విషయం' అంటారు. మొగుడు కొడుతున్నాడని స్టేషన్ మెట్లెక్కిన ఆడదానికి, 'మొగుడూ పెళ్ళాల గొడవ, ఇంట్లోనే తేల్చుకోండమ్మా' అని వినిపించే జవాబు అదే. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని అమ్మలూ అత్తలూ నూరిపోసే నీతి కూడా అదే. ఆ సామెతను ఒకసారి నిదానంగా చూడండి. లంక నాశనమైంది సీతను ఎత్తుకొచ్చినందుకు కాదట, విభీషణుడు నోరు విప్పినందుకట! నేరం చేసినవాడు పక్కకు తప్పుకున్నాడు, చెప్పినవాడు ద్రోహి అయ్యాడు.

ఆ గడప దాటడానికి మనకు ఎంత కాలం పట్టిందో తెలుసు. 1983లో 498ఎ సెక్షన్ వస్తే, గృహహింస చట్టం 2005 దాకా రాలేదు. నాలుగు గోడల మధ్య జరిగేదీ రాజకీయమేనని స్త్రీలు గొంతు చించుకుని చెబితే వచ్చిన చట్టాలివి. ఇంటి గడప దగ్గర మనం ఒప్పుకోని వాదనను దేశం సరిహద్దు దగ్గర ఎందుకు ఒప్పుకోవాలి?

అలాగని యూరప్ వాళ్ళకు మణిపూర్ స్త్రీల మీద ప్రేమ పొంగిపొర్లిందని నేను చెప్పబోవడం లేదు. ఆ తీర్మానం జరిగిన రోజే మన ప్రధాని పారిస్‌లో దిగారు. ఫ్రాన్స్ ఆయనకు తన అత్యున్నత పురస్కారం ఇచ్చింది. మర్నాడు వాళ్ళ జాతీయ దినోత్సవ కవాతులో ఆయనే ముఖ్య అతిథి. అదే 13వ తేదీన ఢిల్లీలో రక్షణశాఖ మండలి నౌకాదళం కోసం 26 రాఫెల్ విమానాలు కొనే ప్రతిపాదనకు ఆమోదం తెలిపింది. ఒక ఊళ్ళో తీర్మానం, ఇంకో ఊళ్ళో విందు! ఆ తీర్మానానికి కట్టుబడాల్సిన పని ఏ ప్రభుత్వానికీ లేదు. విమానాల ఒప్పందానికి మాత్రం ఉంటుంది.

ఇక అమెరికా సంగతి. 2001 నవంబరులో, అఫ్ఘనిస్తాన్ మీద బాంబులు పడుతున్న రోజుల్లో, అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియోలో మాట్లాడారు. తీవ్రవాదం మీద జరిగే పోరాటం స్త్రీల హక్కుల కోసం, గౌరవం కోసం జరిగే పోరాటం కూడా అన్నారు. 2020 ఫిబ్రవరి 29న అదే అమెరికా దోహాలో తాలిబన్లతో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పంద పత్రంలో స్త్రీల హక్కుల ఊసే లేదు. యుద్ధం మొదలుపెట్టడానికి కావాల్సి వచ్చిన అఫ్ఘన్ స్త్రీలు, ముగించే వేళకు ఒక్క వాక్యానికి కూడా నోచుకోలేదు. 2021 ఆగస్టులో తాలిబన్లు కాబూల్‌కి తిరిగొచ్చారు. ఆడపిల్లలకు హైస్కూలు పోయింది, 2022 డిసెంబరులో యూనివర్సిటీ కూడా పోయింది.

స్త్రీల మీద వివక్షను నిర్మూలించాలనే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, సీడా, వచ్చింది 1979లో. దాని మీద అమెరికా 1980లో సంతకం పెట్టింది కానీ ఇంతవరకూ ధ్రువీకరించలేదు. ఇరాన్, సోమాలియా, సూడాన్ ఉన్న చిట్టాలోనే అమెరికా కూడా ఉంది. ఇరాన్‌లో స్త్రీల దుస్థితి గురించి ఏటా నివేదిక రాసే దేశం, ఈ ఒక్క విషయంలో ఇరాన్ పక్కనే కూర్చుంది. 2022 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు, దాదాపు యాభై ఏళ్ళుగా స్త్రీలకున్న గర్భస్రావ హక్కుకు రాజ్యాంగ రక్షణ లేదని తేల్చేసింది.

అదే ఏడాది డిసెంబరులో ఇరాన్‌ని ఐక్యరాజ్యసమితి మహిళా కమిషన్ నుంచి తొలగించారు. పోలీసుల నిర్బంధంలో మహసా అమీనీ చనిపోయిన మూడు నెలలకు తీసుకున్న ఆ నిర్ణయం సరైనదే. కానీ 2024 మార్చిలో అదే కమిషన్‌కి సౌదీ అరేబియా అధ్యక్షత వహించబోతుంటే ఏ సభ్యదేశమూ అభ్యంతరం చెప్పలేదు. స్త్రీలు కారు నడిపే హక్కు కోసం పోరాడిన లుజైన్ అల్ హత్‌లూల్‌ను 2018 మేలో జైల్లో పెట్టి, ఆ మరుసటి నెలలో ఆ హక్కును తామే దయతో ఇచ్చినట్టు ప్రకటించుకున్న దేశమది. ఆమె దాదాపు మూడేళ్ళు జైల్లో ఉంది. చమురున్న దేశాల్లో జైళ్ళు పక్కదేశాలకు కనబడవు కాబోలు.

ఇలాంటి చోట మనవాళ్ళు వెంటనే ఒక సామెత అందుకుంటారు, శ్రీరంగనీతుల సామెత. నేను దాన్ని వాడను. నీతులు చెప్పి తప్పు చేసేవాడు మగవాడు, సామెత పుణ్యాన తరతరాలుగా అవమానం మోస్తున్నది మాత్రం దొమ్మరి కులం స్త్రీల గుడిసె. కపటాన్ని తిట్టడానికి కూడా మన భాషకు ఒక కింది కులం ఆడదే దొరికింది. ప్రభుత్వాలు ఒకదాన్నొకటి తిట్టుకునే పద్ధతీ ఇదే. తిట్టేదీ, తిట్టించుకునేదీ వాళ్ళే. మధ్యలో నలిగేది ఎవరి పేరుతో తిట్టుకుంటున్నారో ఆ స్త్రీలు.

అమెరికా ప్రపంచ దేశాల మానవ హక్కుల మీద నివేదికలు వేస్తుంది. దానికి జవాబుగా చైనా పాతికేళ్ళుగా అమెరికా మీద నివేదికలు వేస్తోంది. అమెరికాలో నల్లవాళ్ళ మీద పోలీసుల దౌర్జన్యం గురించి చైనా రాసేదాంట్లో నిజం చాలా ఉంది. షింజియాంగ్‌లో వీగర్ ముస్లింల నిర్బంధం గురించీ, వాళ్ళ స్త్రీల మీద బలవంతపు కుటుంబ నియంత్రణ గురించీ అమెరికా అనేదాంట్లోనూ నిజం ఉంది. రెండు నిజాలూ కలిస్తే అటు నల్లజాతి తల్లికీ ఇటు వీగర్ తల్లికీ న్యాయం దొరకాలి కదా? దొరకదు. ఎందుకంటే 'నువ్వు మాత్రం తక్కువా?' అనే జవాబు న్యాయం కోసం పుట్టింది కాదు. నీ ఇంట్లో సంగతి నేనెత్తను, నా ఇంట్లో సంగతి నువ్వెత్తకు అని ఇద్దరు మొగుళ్ళు గోడకు అటూ ఇటూ నిలబడి చేసుకునే రాజీ అది. 2022 అక్టోబరులో షింజియాంగ్ మీద చర్చ జరపాలా వద్దా అని మానవ హక్కుల మండలిలో ఓటింగు పెడితే 17 దేశాలు జరపాలన్నాయి, 19 వద్దన్నాయి. తటస్థంగా ఉండిపోయిన 11 దేశాల్లో మనదీ ఒకటి. ఇరాన్‌ని మహిళా కమిషన్ నుంచి తొలగించే ఓటింగులోనూ మనం తటస్థమే.

ఈ తటస్థత వెనక ఉన్న భయం తెలియనిదేం కాదు. 1993లో భారతదేశం సీడాను ధ్రువీకరిస్తూ ఒక మెలిక పెట్టింది. పెళ్ళి, కుటుంబం, ఆచారాలకు సంబంధించిన అంశాల్లో, ఏ మతసమూహమైనా తానుగా ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప, వాళ్ళ వ్యక్తిగత వ్యవహారాల్లో జోక్యం చేసుకోనంది. ఇక్కడా 'జోక్యం' అనే మాటే! ఇంట్లో మొగుడి విషయంలో జోక్యం కూడదు, సమూహంలో పెద్దల విషయంలో జోక్యం కూడదు, దేశంలో ప్రభుత్వం విషయంలో జోక్యం కూడదు. మూడు తలుపులకూ ఒకటే తాళం. భార్య మీద భర్త చేసే అత్యాచారాన్ని నేరంగా చూడని మినహాయింపు బ్రిటిష్‌వాళ్ళ శిక్షాస్మృతిలోది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో అది భద్రంగా చేరింది. దాన్ని తీసేయమని స్త్రీలు కోర్టుకెళితే, అలా చేయడం మరీ కఠినమవుతుందని కేంద్రం 2024 అక్టోబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది. వలసవాద మనస్తత్వం గురించి పాఠాలు చెప్పిన ప్రభుత్వమే ఇది.

2025 అక్టోబరులో తాలిబన్ విదేశాంగమంత్రి ఢిల్లీ వచ్చారు. అఫ్ఘన్ రాయబార కార్యాలయంలో జరిగిన ఆయన మొదటి విలేకరుల సమావేశంలో మహిళా జర్నలిస్టు ఒక్కరూ లేరు. మన విదేశాంగశాఖ, దాంతో మాకేం సంబంధం లేదంది. గొడవయ్యాక రెండు రోజులకు ఇంకో సమావేశం పెట్టి ఆడవాళ్ళను పిలిచారు. మన రాజధానిలో మన ఆడవాళ్ళకు తలుపు మూసినా అది పరాయివాళ్ళ అంతర్గత వ్యవహారమే అయింది.

ఇక్కడ మన మిత్రులే ఒక ప్రశ్న వేస్తారు. సామ్రాజ్యవాదులు మన స్త్రీల బాధలను సాకుగా తీసుకుని బాంబులేస్తారు కదా, వాళ్ళ చేతికి ఆయుధం ఇద్దామా అని. ఆ భయం నిజమైనదే, అఫ్ఘనిస్తాన్ చూశాం. కానీ దీనికి జవాబు అఫ్ఘన్ స్త్రీలే ఇచ్చారు. 1977లో పుట్టిన అఫ్ఘన్ విప్లవ మహిళా సంఘం 'రావా' తాలిబన్లనూ ఎదిరించింది, అమెరికా ఆక్రమణనూ ఎదిరించింది. ఒకరిని తిట్టడానికి ఇంకొకరిని వెనకేసుకురాలేదు. బాంబు వద్దనడం వేరు, మాట వద్దనడం వేరు. పక్కింటివాడు గోడ దూకి ఇల్లు తగలబెడితే ఒప్పుకోం. కానీ దెబ్బల చప్పుడు విని 'ఏమిటా గోల?' అని కేకేస్తే, వాడు తన ఇంట్లో ఏం చేస్తున్నా సరే, ఆ కేక అబద్ధమైపోదు. గురివింద గింజకు తన కింద నలుపు కనబడకపోవచ్చు. ఎదుటి గింజ నలుపు మాత్రం నలుపే.

అయినా మన నిజాలు చెప్పడానికి ఎప్పుడూ విదేశీయులే అక్కర్లేదు. 2004 జూలైలో మనోరమ హత్య తర్వాత ఇంఫాల్‌లోని కంగ్లా కోట ముందు పన్నెండుమంది మైతేయి తల్లులు నగ్నంగా నిలబడి సైన్యాన్ని నిలదీశారు. అప్పుడు వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగువాడు, జస్టిస్ జీవన్‌రెడ్డి. సైన్యానికి ప్రత్యేక అధికారాలిచ్చే చట్టాన్ని రద్దు చేయమని 2005లో ఆయన కమిటీ చెప్పింది. సైనికులు లైంగిక నేరం చేస్తే విచారణకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేకుండా చూడమని 2013లో జస్టిస్ వర్మ కమిటీ చెప్పింది. రెండింటినీ పక్కన పడేశారు. వీళ్ళది కూడా వలసవాద మనస్తత్వమేనా? 2004లో నిలదీసిన తల్లులది ఒక సమూహం, 2023లో బలైన స్త్రీలది ఇంకో సమూహం. శిక్ష పడదన్న ధీమా మాత్రం ఒకటే.

మణిపూర్ దాకా కూడా పోనక్కర్లేదు. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో కూంబింగుకొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండుమంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. పదహారేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుబట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమంది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం ఇవ్వాలి! ఆ తీర్పు మీద ఏ విదేశీ పార్లమెంటూ తీర్మానం చేయలేదు. మన శాసనసభైనా ఒక రోజు దాని గురించి చర్చించి ఉంటే, విదేశీయుల కపటాన్ని నిలదీసే అర్హత మనకు కొంచెం పెరిగేది.

రాజ్యహింసను ఎంత గట్టిగా ప్రశ్నించారో, ఉద్యమాల పేరుతో జరిగిన హింసనూ అంత గట్టిగా ప్రశ్నించిన బాలగోపాల్ మన మధ్య తిరిగినవాడే. రెండువైపుల నుంచీ తిట్లు తిన్నాడు. కొలమానం ఒకటే ఉండాలన్నందుకు దొరికే బహుమతి అదే. స్త్రీవాదులుగా మనకు వేరే దారి లేదు. అమెరికా నివేదికలో నిజముంటే తీసుకుందాం, అమెరికాను మాత్రం నమ్మొద్దు. ఇరాన్‌లో జుట్టు కత్తిరించుకున్న అమ్మాయికి మద్దతిద్దాం, ఆమె పేరు చెప్పి ఎవడైనా యుద్ధానికి బయల్దేరితే అడ్డం నిలబడదాం. మన ప్రభుత్వం 'అంతర్గత వ్యవహారం' అన్న ప్రతిసారీ మనం అడగాల్సింది ఒక్కటే. లోపల ఉన్నవాళ్ళం మేమే కదా, సైకుల్‌లో నమోదైన కేసుకూ వాకపల్లిలో పాడైన దర్యాప్తుకూ మాకెప్పుడు జవాబు చెబుతారు?