నేత్రవిద్యయు రెండు మార్కులును

ఈ వారము కిషన్‌బాగ్ నుండి ఒక దర్జీ మా కార్యాలయమునకు వచ్చిరి. ఆయన చేతిలో కుమార్తె మార్కుల పత్రముండెను. ఆ బాలిక ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదివి, కనుచూపును పరీక్షించి అద్దములు నిర్ణయించు విద్యలో, అనగా ఆప్టోమెట్రీ పట్టపు తరగతిలో చేరదలచి ప్రవేశపరీక్ష వ్రాసెను. చివరి సీటు పొందిన అభ్యర్థికంటె ఆమెకు రెండు మార్కులు తక్కువ వచ్చెను. తండ్రి మమ్ము కోరినది ఒక్కటే: "అయ్యా, మీరు పత్రికవారు. పెద్దల కెవరికైన ఒక సిఫారసు జాబు వ్రాసి యిప్పించుడు."

మేము వ్రాయలేదు. సిఫారసు బలమున ఈ బాలిక లోపల ప్రవేశించినచో, ఆమెకంటె ఒక మార్కు ఎక్కువ తెచ్చుకొని, పత్రికా కార్యాలయముల జాడయైన నెరుగని మరియొక బీద బిడ్డ వెలుపల నిలిచిపోవును. దేవిడీల ముంగిట అర్జీలు పట్టుకొని నిలుచుట మన నగరమునకు పాత యలవాటు. దేవిడీలు పోయినవి గాని యలవాటు పోలేదు. దానిని పోషించుట పత్రికల పని కాదు. అయినను జాబు వ్రాయ నిరాకరించినంత మాత్రమున మా బాధ్యత తీరినదని మేము తలంచుట లేదు. కండ్లు పరీక్షించువారు చాలని దేశములో, ఆ పని నేర్చుకొందునని వచ్చిన బిడ్డను రెండు మార్కులకై త్రిప్పి పంపుటకు కారణమేమి? ఆ తండ్రి యడుగని యీ ప్రశ్నకు బహిరంగముగ సమాధానము చెప్పవలసి యున్నది.

బాలిక ఈ విద్యనే ఏల కోరెనో ఆయనయే చెప్పిరి. నలుబదియేండ్లు దాటిన పిదప ఆయనకు సూదిలో దారము ఎక్కుట మానెను. కాజాల పని పొరుగువానికి పోయెను; నల్లని గుడ్డమీద నల్లదారపు కుట్టు కనబడదాయెను. చేతిలోని విద్య చేతిలోనే యుండగా కూలి తగ్గెను. 2023లో కంటి వెలుగు శిబిరమున ఒక యువతి ఆయన కండ్లముందు అద్దములు మార్చి మార్చి చూచి, చత్వారమే గాని రోగము లేదని చెప్పెను. అద్దములు వచ్చిన దినమున తండ్రి దీపము క్రింద కూర్చుండి ఒక్క తడవలో సూదికి దారమెక్కించుట కుమార్తె చూచెను. తాను నేర్వవలసిన విద్య యేదో ఆమెకు ఆనాడే తెలిసెను.

ఇది ఒక ఇంటి ముచ్చట మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారము ప్రపంచమున 220 కోట్లమందికి తక్కువగాక దృష్టిలోపము గలదు. అందు కనీసము 100 కోట్లమంది లోపము నివారింపదగినదో, ఇంకను చికిత్స యందనిదో యై యున్నది. మన ప్రాంతమునే చూతము. 1996 మొదలు 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాదును మూడు గ్రామీణ ప్రాంతములను కలిపి, 10,000కు పైగా జనుల కండ్లను పరీక్షించిరి. నూటికి ఇద్దరికి కొంచెము తక్కువగా అంధులని తేలెను. ఆ అంధత్వములో సుమారు ఆరవ పాలు దృష్టిదోషమును సరిచేయకపోవుట వలన కలిగినదే. కత్తి పట్టవలసిన పని లేదు, ఔషధము పోయవలసిన పని లేదు; సరియైన అద్దములు చాలును. అస్సాం తేయాకు తోటలలో నలుబది దాటిన కూలీలకు అద్దము లిచ్చి చూడగా, వారు కోయు ఆకు నూటికి ఇరువదికి పైగా పెరిగెనని 2018లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. తేయాకు కోయు చేతికి ఏది నిజమో జర్దోజీ కుట్టు చేతికిని, లాడ్‌బజారులో లక్క గాజులకు రాళ్లు పొదుగు చేతికిని అదియే నిజము. చూపు తగ్గిన పనివాని కూలి తగ్గును. ఆ ఇంటి పిల్లల చదువు తగ్గును.

ఇట్టి అద్దములను నిర్ణయించువారు ఆకాశము నుండి ఊడిపడరు. 2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపూరులో మొదలైన కంటి వెలుగు, 2023 జనవరిలో ఖమ్మమున రెండవసారి ఆరంభమైనపుడు, 1500 బృందములు కావలసివచ్చెను. ప్రతి బృందమునకు ఒక దృష్టిపరీక్షకుడు అవసరమయ్యెను. ఒక్కొక్క తడవ కోటిన్నరకు పైగా జనులు పరీక్ష చేయించుకొనిరి. జనులలో ఎంత కొరత దాగియున్నదో దీనివలన స్పష్టమగును. శిబిరము నూరు దినములలో ముగియును. చత్వారము ప్రతి దినమును క్రొత్త యిండ్లలో ప్రవేశించుచునే యుండును.

ఇక మార్కుల గీత మాట. ఆ గీతను గీసినది విద్య కాదు, సీట్ల సంఖ్య. సీట్లు ఇంకొక పది యున్నచో గీత దిగువకు జరిగి యుండును. అపుడు ఈ బాలికయే యోగ్యురాలని అందరు మెచ్చుకొని యుందురు. ఒక్క ఉదయమున రెండు ప్రశ్నల యందలి తేడా ఆమె బుద్ధికిగాని, ఓర్పునకుగాని, చేతి నేర్పునకుగాని కొలత కాజాలదు. "కండ్లను తక్కువ మార్కుల వారి చేతిలో పెట్టుదురా?" యని కొందరు అడుగవచ్చును. మేమును పెట్టవలదనియే చెప్పుదుము. గీతను చెరిపివేయుమని మేము కోరుట లేదు. తలుపును వెడల్పు చేయుమని కోరుచున్నాము. ఈ విద్య సాధారణముగ నాలుగేండ్లది. అందు ఒక సంవత్సరము రోగుల నడుమ అభ్యాసమునకే వినియోగింతురు. యోగ్యులను అయోగ్యుల నుండి వేరుచేయవలసినది ఆ నాలుగేండ్ల పరీక్షలును ఆ అభ్యాసమును గాని, గుమ్మములోని రెండు మార్కులు కావు.

ఈ విద్యకు మన దేశమున దారి వేసినవారిలో దాతలే ముందుండిరి. మదరాసున శంకర నేత్రాలయ మాశ్రయముగ 1985లో ఒక ఆప్టోమెట్రీ విద్యాలయము వెలసెను. 1987లో చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాదు గారి దాతృత్వముతో, డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారి పూనికతో హైదరాబాదున నేత్రవైద్య సంస్థ యేర్పడి, వైద్యముతోపాటు ఈ విద్యను గూడ నేర్పుచు వచ్చెను. దాతలు తమ శక్తికొలది చేసిరి. ప్రభుత్వము తన శక్తికొలది చేయవలదా? కిషన్‌బాగ్ నుండి మూసీ దాటినచో మెహదీపట్నమున సరోజినీదేవి ప్రభుత్వ నేత్రవైద్యశాల గలదు. రోగుల కొదువ లేని యిట్టి ఆసుపత్రులను ఆధారము చేసికొని, బీదలకు అందుబాటగు రుసుముతో ప్రభుత్వపు సీట్లను పెంచవలెను. వైద్యకళాశాలలో చోటు దొరికి అభ్యర్థులు విడిచిపోవు సీట్లను మూల పడనీయక, తరువాతి వారి పట్టికను అందరు చూచునట్లు ప్రకటించి వరుసగా నింపవలెను. డిప్లొమా చదివి పనిలో అనుభవము గడించిన వారికి పట్టపు తరగతిలో ప్రవేశ ముండవలెను. తెలుగు, ఉర్దూ మాధ్యమముల నుండి వచ్చు పిల్లలకు మొదటి సంవత్సరమున ఆంగ్ల గ్రంథములు చదువుటకు ప్రత్యేక సహాయము చేయవలెను.

ప్రభుత్వము మేలుకొనువరకు ఆ బాలిక యేమి చేయవలెను? మొదట, తరువాతి వారి పట్టికలో తన స్థానము నడిగి తెలిసికొని, తుది విడత ముగియువరకు ఆశ విడువరాదు. ఒక్క విద్యాలయమునే నమ్ముకొనక, ఇతర విశ్వవిద్యాలయములకును అర్జీలు పెట్టవలెను. ఎచటను చోటు దొరకనిచో, ఒక సంవత్సరము నిలిచి మరల పరీక్ష వ్రాయుట అవమానము కాదు. గ్రామములలోని దృష్టికేంద్రముల కొరకు ఒక సంవత్సరపు శిక్షణ పొంది పనిచేయుచున్న యువతీయువకులు మన ప్రాంతమున గలరు. అదియు గౌరవప్రదమైన మార్గమే. కాని ఒక్క హెచ్చరిక. నిరాశ యున్నచోట దళారి యుండును. డబ్బు కట్టిన చాలును, ఆసుపత్రి అవసరము లేదు, పట్టము చేతికి వచ్చునని చెప్పువారిని నమ్మరాదు. ఆరోగ్య వృత్తులను గూర్చి 2021లో పార్లమెంటు చేసిన చట్టము ఆప్టోమెట్రీని గూడ తన పరిధిలోనికి తెచ్చినది. విద్యాలయమునకు ఏ విశ్వవిద్యాలయపు అనుబంధము గలదో, అభ్యాసమునకు ఏ ఆసుపత్రి గలదో, పట్టము రిజిస్టరులో నమోదగునో కాదో విచారించిన పిదపనే రుసుము చెల్లింపవలెను.

పట్టణములోని చదువరులతో ఒక మాట. సిఫారసు జాబులు వ్రాయు కాలములో నాలుగవ వంతు వెచ్చించిన చాలును. ప్రతి పఠనమందిరము గోడపైనను ప్రవేశపు తేదీలను, రుసుములను, విద్యార్థి వేతనముల వివరములను వ్రాసి యుంచవచ్చును. పెద్దింటి బిడ్డకు ఇంటనే తెలియు సంగతి దర్జీ బిడ్డకు గడువు దాటిన పిదప తెలియుచున్నది. రెండు మార్కుల నష్టముకంటె ఈ నష్టము పెద్దది.

మేము ఆ తండ్రికి సిఫారసు జాబునకు మారుగా, ఇంకను గడువు మిగిలియున్న విద్యాలయముల పేర్లును తేదీలును వ్రాసి యిచ్చితిమి. ఆయన కొంత చిన్నబోయిరి. అయినను జేబులోనుండి కండ్లద్దములు తీసి పెట్టుకొని, ఆ కాగితమును మొదటి నుండి తుదివరకు తామే చదువుకొనిరి. ఆ అద్దములను ఆయనకు నిర్ణయించి యిచ్చినది ఎవరో చదివించిన ఒక బిడ్డయే. ఆయన బిడ్డను చదివించు భారము ఇప్పుడు మనది.